పెళ్ళిపందిరికి చిల్లు

కొత్తపేట,
12-11-2000.

బావగారికి త్రిమూర్తులు నమస్కారం.

అక్క కార్డు అందింది. పడవ పోయిందని తెలిసింది. ఓదార్చడం నాకు చేతకాదు. పని సంగతి ఒకటి ఉంది, అందుకు రాస్తున్నాను.

ఇక్కడ జగ్గయ్యగారి కల్యాణమండపానికి వాచ్‌మన్ కావాలి. వెనకవైపు ఒక గది ఇస్తారు. గేటు దగ్గర ఉండడం, కుర్చీలు చూసుకోవడం, పెళ్ళివారు అడిగింది అందించడం. మీరూ అక్కా వస్తానంటే ఆయనతో మాట్లాడతాను.

నేను ప్రస్తుతం అక్కడే పైపుల పనిలో ఉన్నాను. ఇన్నాళ్ళూ పెరట్లో కొబ్బరి డొక్కలు మంటపెట్టి విడిదివారికి నీళ్ళు కాచేవారు. ఇప్పుడు హైదరాబాదులో మూసేసిన హోటల్ ఒకదాని నుంచి గ్యాసు మీద నీళ్ళు కాచే పెట్టె తెచ్చారు. మనిషి ఎత్తు ఉంది. గంటకి నలభై మంది స్నానం చెయ్యొచ్చట. బిగించమని నాకు అప్పగించారు. నేనెప్పుడూ అలాంటిది ముట్టుకోలేదు. దాంతోపాటు ఇంగ్లీషు కాగితాలు వచ్చాయి. బొమ్మలు చూసి కొంత, హైస్కూలు సైన్సు మేష్టారిని అడిగి కొంత తెలుసుకున్నాను.

నీళ్ళు కాచడం తేలిక. పొగని బయటికి పంపడమే పని. ఆ పొగలో రంగూ వాసనా లేని విషం ఒకటి ఉంటుందట. గదిలో నిండితే మనిషి కునుకు పట్టినట్టు పోతాడట. మెట్ల కింద గదిలో పెట్టె పెట్టాను. దాని నెత్తిమీద నుంచి ఎనిమిది అంగుళాల రేకు గొట్టం ఒకే ఒక్క వంపుతో, ఎక్కడా కిందికి వాలకుండా మేడమీదికి తీసుకెళ్ళాను. మేడ మీద ఎనిమిది అడుగులు నిలబెట్టాను. గొట్టం ఎంత ఎత్తుంటే అంత బాగా లాగుతుంది. పొగ వెనక్కి తంతే మంట ఆపేసే మీట ఒకటి ఉండాలి. అది విరిగిపోయి ఉంది. గొట్టం సరిగ్గా ఉంటే దానితో పని పడదని వదిలేశాను.

నిన్న పెట్టె వెలిగించి, గొట్టం మొదట్లో అగరువత్తి పట్టుకుని చూశాను. దాని పొగ లోపలికి పీల్చుకుంది. నా పనుల పుస్తకంలో రాసుకున్నాను.

జవాబు రాయండి.

త్రిమూర్తులు


ఓడలరేవు,
20-11-2000.

చిరంజీవి మూర్తులుకి మీ బావ దీవెనలు.

ఒరేయ్, ఓదార్చడం చేతకాదని రెండు ముక్కలు రాసి, గొట్టం గురించి రెండు పేజీలు రాశావు. మీ అక్కకి చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వింది. పడవ పోయాక ఆవిడ నవ్వడం ఇదే.

"సముద్రం మీద తిరిగినాయన కుర్చీలకి కాపలా కాస్తాడా?" అని మీ అక్క అడిగింది. "కుర్చీలు మునగవు కదే" అన్నాను. వస్తాం. నాకు పడవ నడపడం, కట్టడం తప్ప ఏ పనీ రాదు. అయినా నువ్వు చెప్పినట్టు వింటాను. నీ గొట్టం ఊపిరి పీలుస్తోందో లేదో రోజూ ఒకసారి చూసి చెబుతాను, సరేనా?

ఎదురుకట్నంగా రెండు కేజీల ఎండు మెత్తళ్ళు తెస్తున్నాను. జగ్గయ్యగారికి చెప్పకు.

అప్పలస్వామి


విశాఖపట్నం,
4-4-2001.

మూర్తులూ,

నీకు ఇన్నాళ్ళు ఉత్తరం రాయకపోవడం తప్పే. ఇక్కడ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీలో చేరాను. మీ అక్క కులాసా. నీ పక్కటెముకలు అతుక్కున్నాయా? ఎడమ వైపుకి పడుకోగలుగుతున్నావా? ఊడిన పళ్ళు కట్టించుకున్నావా?

మేము అలా చెప్పకుండా వచ్చేశామని అనుకుని ఉంటావు. ఆ పెళ్ళి తరవాత వారం రోజులూ ముమ్మిడివరం మగపెళ్ళివాళ్ళు మోటారుసైకిళ్ళ మీద మండపం చుట్టూ తిరిగారు. మీ అక్క గదిలో గడియ పెట్టుకుని వణికింది. అందుకే వచ్చేశాం. ఇంకేమీ లేదు.

పెళ్ళి రోజు ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. నేను గేటు దగ్గర ఉన్నాను కదా. అసలు ఏం జరిగింది? నీ సంగతి నువ్వే రాస్తే తెలుస్తుంది. పందిరి కట్టే వీరబాబు చెయ్యి ఎలా ఉంది?

మీ బావ


కొత్తపేట,
15-4-2001.

బావగారికి నమస్కారం.

అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళికొడుకువాళ్ళు పొద్దున్న ఏడింటికి వచ్చారు. మేడ మీద పచ్చి కొబ్బరాకుల పందిరి కింద టిఫిన్లు పెట్టారు. కింద స్నానాలు. నేను పెరట్లో మోటారు దగ్గర ఉన్నాను. తొమ్మిది దాటాక బాత్‌రూము తలుపు ఎంత కొట్టినా తియ్యడం లేదని ఎవరో అరిచారు. లోపల పెళ్ళికొడుకు చెల్లెలు సత్యశ్రీ. ఎవరు పిలిచినా పలకడం లేదు. నలుగురు తలుపు విరగ్గొట్టారు. మెట్ల కింద గదికీ బాత్‌రూముకీ మధ్య గోడలో పైపులు దూర్చిన సందులోంచి పొగ అంతా అందులోకే వచ్చింది. నేను గ్యాసు కట్టేసి వచ్చేసరికి ఆ అమ్మాయిని వరండాలో పడుకోబెట్టారు. జడలో పూలు తడవలేదు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, బతికి ఉన్నట్టే. వాళ్ళ నాన్న చిన్నబ్బాయిగారు చెంపలు తడుతూ "లెగమ్మా, టైమైపోతంది, లెగు" అంటున్నారు.

నేను మేడ మీదికి పరుగెత్తాను. గొట్టం మూతికి తడి గోనెసంచి తొడిగి, కొబ్బరితాడుతో కట్టేసి ఉంది. లాగితే తాడుతో సహా టోపీలా ఊడి వచ్చింది. పక్కనే వీరబాబు పందిరి మూల బిగిస్తున్నాడు. అతని భుజం మీద గోనెసంచులు, నడుముకి కొబ్బరితాడు. "ఎవడు కట్టేడు?" అన్నాను. "ఏం కట్టడమండీ?" అన్నాడు. నవ్వుతున్నాడనిపించింది. నవ్వలేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

నా చేతిలో పెద్ద పానా ఉంది. అతని కుడి చెయ్యి పిట్టగోడ మీద ఉంది. మూడుసార్లు కొట్టాను. మొదటి దెబ్బకి అరిచాడు. రెండో దెబ్బకి చెయ్యి లాక్కోబోతే మణికట్టు పట్టుకున్నాను. మూడో దెబ్బకి అరవలేదు. గోడ మీద సున్నంలో ఎముక ముక్క ఒకటి తెల్లగా కనిపించింది. సున్నమే అనుకున్నాను.

తరవాత పెళ్ళికొడుకువాళ్ళు మేడ ఎక్కారు. నన్ను మెట్ల మీద నుంచి దొర్లించారు. పందిరి గుంజలు పీకి కొట్టారు. జగ్గయ్యగారి తల పగిలింది. పందిరికి నిప్పు పెట్టారు. పచ్చాకు కదా, మండలేదు. నల్లగా పొగ వేసింది. అప్పుడు తాళ్ళు కోసి పందిరి కూల్చేశారు, గొట్టం దాని కింద పడి నలిగిపోయింది. జగ్గయ్యగారు వారం తిరక్కుండా పెట్టెనీ గొట్టాన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. చూద్దామంటే ఏమీ లేదు.

వీరబాబు చెయ్యి అమలాపురంలో కట్టారు. అయిదు వేళ్ళూ లోపలికి ముడుచుకుపోయాయి. పందిరి కట్టలేడు. పలివెలలో ఇంట్లోనే ఉంటున్నాడు. పెద్దలు కూర్చోబెట్టి కేసు లేకుండా చేశారు. పోలీసులు అమ్మాయిది ప్రమాదం అని రాసుకున్నారు.

నాకు ఒక్కటి తెలియాలి. ఆ గొట్టం మూతి ఎవరు మూశారు? వీరబాబు కాకపోతే నేను ఏ తప్పూ లేనివాడి చెయ్యి విరగ్గొట్టాను. అది తెలిసేదాకా నాకు అన్నం ముద్ద దిగదు. మీరు వాచ్‌మన్. మేడ మీదికి ఎవరెవరు వెళ్ళారో గుర్తు చేసుకుని రాయండి.

త్రిమూర్తులు


విశాఖపట్నం,
2-5-2001.

మూర్తులూ,

నీ ఉత్తరం మీ అక్కకి చూపించలేదు. చించేశాను.

నువ్వు అంతపని చెయ్యగలవని నేను కలలో కూడా అనుకోలేదు. నాలుగు మాటలు గట్టిగా అనడం చేతకానివాడివి. మూడుసార్లా?

మేడ మీదికి ఎవరు వెళ్ళారో నేనెలా చెప్పను? ఆ రోజు నేను మేడ మెట్టు తొక్కలేదు. గేటు దగ్గర బ్యాండువాళ్ళు పొద్దున్నే తాగి డోలు కర్రలతో కొట్టుకుంటుంటే విడదీస్తూ ఉన్నాను. ఒకడు నా మోచెయ్యి కొరికాడు. మచ్చ ఇంకా ఉంది, కావాలంటే చూడు. వీరబాబు కాకపోతే వంటవాళ్ళు అయి ఉంటారు. వంటవాళ్ళు కాకపోతే పెళ్ళివాళ్ళే. పోయిన పిల్ల తిరిగి రాదు. వీరబాబే కట్టాడనుకో, నీకూ మనశ్శాంతి.

ఇక్కడ ఐసు దిమ్మలు మోస్తే భుజాలు మొద్దుబారిపోతున్నాయి. రాత్రికి ఏ ఆలోచనా రాదు. మంచిదే.

మీ బావ


కొత్తపేట,
10-6-2001.

బావగారికి నమస్కారం.

నేను ముమ్మిడివరం వెళ్ళాను. చంపేస్తారని అందరూ అన్నారు. చిన్నబ్బాయిగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ అబ్బాయి దుర్గేష్ నన్ను గుర్తుపట్టి చొక్కా పట్టుకుని గోడకి కొట్టాడు. పెద్దాయన "ఒగ్గెయ్యిరా, ఆడంతట ఆడొచ్చేడు" అన్నారు. అతను వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. తల వెనక తడి తగిలింది. పెద్దాయన లేచి కొడుకుని లాగారు.

ఆయన నన్ను ఒకే మాట అడిగారు. "ఎవరు కట్టేరండీ ఆ సంచి?"

తెలియదన్నాను.

గుమ్మం మీద రెండు మేకుల మధ్య కొబ్బరికాయలు కొట్టే కత్తి పెట్టి ఉంది. దాన్ని చూపించి, "అమ్మాయి పెద్ద ఖర్మ రోజున పెట్టేనండి అక్కడ. రోజూ నూరుతున్నాను. పేరు తెలిసిన్నాడు దించుతాను" అన్నారు. మర్యాదగానే అన్నారు. మజ్జిగ ఇప్పించారు. తాగాను.

వాళ్ళ బంధువు ఒకాయన ఒక సంగతి చెప్పారు. మొదటి పంక్తిలో కూర్చున్నవాళ్ళకి పందిరి కింద పొగ వచ్చిందట, కళ్ళు మండాయట. రెండో పంక్తికి పొగ లేదట. అంటే రెండు పంక్తుల మధ్య, ఆకులు ఎత్తేసి మేడ ఖాళీగా ఉన్నప్పుడు ఎవరో కట్టారు. వీరబాబు రెండో పంక్తి లేచాకే పైకి వెళ్ళాడు. వంటవాళ్ళు ముగ్గురు చెప్పారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా.

ఇంకొకటి. ఆ రోజు సంచితోపాటు ఊడిన తాడు నా పనిముట్ల సంచిలో ఉండిపోయింది. మొన్న తీశాను. ముడి అలాగే ఉంది. పందిరి వాళ్ళు వేసే ముడి కాదు. వాళ్ళు రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపుతారు. ఇది లాగినకొద్దీ బిగుస్తుంది. కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే పూర్తిగా ఊడిపోతుంది. మా నాన్న రేవులో రాటకి పడవని ఇలాగే కట్టేవాడు.

కొత్తపేటలో ఈ ముడి ఎవరికి వచ్చో నేను ఎవరినీ అడగలేదు. తాడు దాచాను.

అక్కని అడిగానని చెప్పండి.

త్రిమూర్తులు


విశాఖపట్నం,
1-7-2001.

మూర్తులూ,

తాడు చూపించి బెదిరిస్తున్నావా? మీ నాన్న వేసిన ముడే అంటావు, అంటే గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళంతా దొంగలేనా? రావులపాలెం నుంచి అంతర్వేది దాకా ఆ ముడి రానివాడు ఎవడు? పెళ్ళివారిలో ఎంతమంది పడవలవాళ్ళు లేరు?

నువ్వు చెయ్యి విరగ్గొట్టావు. అది నీ చేత్తో చేసిన పని. ఇప్పుడు దాన్ని ఇంకొకరి మీదికి తోసి తేలికపడదామని చూస్తున్నావు. నేను పెద్దవాణ్ణి, అక్క మొగుణ్ణి. నీ ఉద్యోగం నాకు భిక్ష వేసినట్టు చూస్తున్నావు. ఆ మాట అయినా అను.

నేనూ ఒకటి అడుగుతాను, జవాబు చెప్పు. మేడ మీద ఎనిమిది అడుగులు నిలబెట్టానని మొదటి ఉత్తరంలో రాశావు. ఎనిమిదడుగులా? నా రొమ్ము ఎత్తు కూడా లేదు! పందిరి కింద ముంత మూతిలా పొగ కక్కుతూ ఉంటే ఎవడైనా మూస్తాడు. నీ పని బాగా ఉంటే ఎవడూ సంచి కట్టక్కర్లేదు. ముందు నీ సంగతి నువ్వు చూసుకో.

అప్పలస్వామి


కొత్తపేట,
9-7-2001.

బావగారికి,

గొట్టం పెళ్ళికి ముందురోజు సాయంత్రం దాకా ఎనిమిది అడుగులే ఉంది. ఆ సాయంత్రం మీరు అరిటాకుల కోసం రాయవరం వెళ్ళి పొద్దుగూకాక వచ్చారు. మర్నాడు పదింటికల్లా అది పందిరి కింద పడి నలిగిపోయింది. దాని ఎత్తు మీ రొమ్ము దాకా కూడా లేదని తెలియాలంటే, ఆ రోజు పొద్దున్న మీరు దాని ఎదురుగా నిలబడి ఉండాలి.

మేడ మెట్టు తొక్కలేదని రాశారు.

త్రిమూర్తులు


విశాఖపట్నం,
12-8-2001.

మూర్తులూ,

నెల రోజులు పట్టింది. నాలుగుసార్లు రాసి చించేశాను.

నేనే కట్టాను.

మొదటి పంక్తి వాళ్ళకి పొగ తగిలింది. పెళ్ళివారిలో ఒక ముసలాయన ఉప్మా ఆకు పక్కకి జరిపి, "ఏవయ్యా వాచ్‌మనూ, పెళ్ళికి పిలిచేరా, పొగబెట్టి తరమడానికి పిలిచేరా?" అన్నాడు. అందరూ నవ్వారు. మగపెళ్ళివారు నవ్వితే ఆడపెళ్ళివారి ప్రాణం పోతుంది కదా. అప్పుడే జగ్గయ్యగారు మెట్ల దగ్గర నుంచి "ఏదో ఒకటి చెయ్యవయ్యా" అని కళ్ళెర్రజేశారు. ఆకులు ఎత్తాక ఒక గోనె తడిపి తొడిగేశాను. రెండో పంక్తి తినేదాకా చాలు, ఒక పావుగంట. తొందరగా ఊడదీయాలని ఆ ముడి వేశాను. వేరే ముడి వేసి ఉంటే నువ్వు నన్ను పట్టుకోలేవు.

గొట్టం పొగని బయటికి పంపుతుందని నువ్వు రాశావు. మూస్తే ఎక్కడికి పోతుందో నేను ఆలోచించలేదు. పొయ్యి మీద మూత పెడితే మంట ఆరుతుంది అనుకున్నాను. అంతే నా తెలివి.

కిందికి రాగానే బ్యాండువాళ్ళ గొడవ. అది అబద్ధం కాదు. ఒకడి నుదురు పగిలి రక్తం. వాళ్ళని విడదీస్తూ సంచి మాట మర్చిపోయాను. ఏడుపులు వినబడ్డాక గుర్తొచ్చింది. ఊడదీద్దామని పరుగెత్తాను.

ఇది కూడా రాసేస్తాను. నేను పై నుంచి నాలుగో మెట్టు మీద ఉన్నాను. నువ్వు మొదటి దెబ్బ కొట్టడం చూశాను. రెండో దెబ్బకి నోరు తెరిచాను. ఆపమనలేదు. వీరబాబు తల తిప్పి నన్నే చూశాడు. మూడో దెబ్బ చప్పుడు వినబడింది గానీ చూడలేదు. అప్పటికి దిగిపోతున్నాను.

నాకు కత్తి అంటే భయం మూర్తులూ. చిన్నబ్బాయిగారికి నా పేరు చెప్పకు. మీ అక్క పుస్తెలు చూసి అయినా చెప్పకు. వీరబాబు కాళ్ళు పట్టుకోమంటే ఎలాగోలా పట్టుకుంటాను, తరవాతెప్పుడైనా.

అప్పలస్వామి


కొత్తపేట,
3-9-2001.

బావగారికి నమస్కారం.

అక్షరాలు వంకరగా ఉంటాయి. ఎడమ చేత్తో రాస్తున్నాను. మూడు రోజులు పట్టింది.

మీ ఉత్తరం తీసుకుని పలివెల వెళ్ళాను. వీరబాబు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య శ్రీదుర్గ అతనికి అన్నం కలిపి తినిపిస్తోంది. నన్ను చూసి ముద్ద పెట్టడం ఆపలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను.

"ఉత్తరం చదువుతానండీ" అన్నాను. "చదవండి" అంది. మొత్తం చదివాను. నాలుగో మెట్టు దగ్గరికి వచ్చేసరికి వీరబాబు, "ఆయ్, ఆయన్ని చూసేను. ఆపుతారనుకున్నాను" అన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలేదు కదండీ. కొట్టేరు" అన్నాడు.

తరవాత నా పుస్తకం తీసి నా పేజీ చదివాను. అది మీకూ రాయాలి. మీకు రాయకుండా మీ దగ్గర నిజం లాగాను, అది తప్పు.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం గొట్టం కోసింది నేనే. మేడ మీద పందిరి ఏడు అడుగుల ఎత్తున వేస్తారు. గొట్టం ఎనిమిది. గొట్టం బయటికి రావాలంటే ఆకు మధ్యలో చిల్లు పెట్టాలి. జగ్గయ్యగారు "పెళ్ళిపందిరికి చిల్లేంటయ్యా, అపశకునం, మగపెళ్ళివారు చూస్తే వెనక్కి పోతారు" అన్నారు. పందిరి అంచు దాకా ఉంచితే వేడికి ఆకు మాడుతుంది. అందుకని నాలుగు అడుగులు కోసేశాను. ఎత్తు తగ్గితే సరిగ్గా లాగదని నాకు తెలుసు. ఇంగ్లీషు కాగితంలో పొట్టి గొట్టం బొమ్మ మీద అడ్డగీత ఉంది. కోసాక అగరువత్తి పట్టుకుని చూడలేదు. చూస్తే పని మళ్ళీ చెయ్యాల్సి వస్తుందని చూడలేదు. పుస్తకంలో 'మేడ మీద గొట్టం నాలుగడుగులు కోత' అని రాసుకుని పడుకున్నాను. గొట్టం పొట్టిది కాకపోతే పొగ వచ్చేది కాదు. పొగ రాకపోతే మీరు సంచి కట్టేవారు కాదు. వీరబాబు కట్టాడని ఆ రోజు నాకు అంత తొందరగా ఎందుకు నమ్మాలనిపించిందో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

విని వీరబాబు, "నన్ను అడిగుంటే చిల్లు పెట్టేవాణ్ణి కదండీ. నాలుగాకులు పక్కకి జరిపి చుట్టూ మామిడాకులు గుచ్చితే అదో అలంకారం. ఎవరికీ తెలిసేది కాదు" అన్నాడు.

పానా నాతో తీసుకెళ్ళాను. అదే పానా. గుమ్మం రాయి మీద నా కుడి చెయ్యి పెట్టి, దాన్ని అతని ముందు ఉంచాను. "కొట్టు" అన్నాను. వీరబాబు తల అడ్డంగా ఊపాడు. "నా వల్ల కాదండీ. నాకు ఎడం చెయ్యి అలవాటు లేదు" అన్నాడు. హాస్యానికి అన్నాడో నిజంగా అన్నాడో తెలియలేదు.

శ్రీదుర్గ చెయ్యి కడుక్కుని వచ్చింది. పానా రెండు చేతులతో ఎత్తింది. వీరబాబు "ఏయ్, ఒద్దే!" అని అరిచాడు. ఒకేసారి కొట్టింది. చూపుడు వేలూ మధ్య వేలూ రాయికి అంటుకుపోయాయి. నేను అరవకూడదనుకున్నాను. అరిచాను. చుట్టుపక్కలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎవరు కొట్టారని అడిగితే గుమ్మం తలుపు పడిందని చెప్పాను. పానా అక్కడే ఉండిపోయింది. అమలాపురంలో రెండు వేళ్ళూ తీసేశారు.

మూలుగుతూ కూర్చుంటే ఆవిడ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "లెక్క సరిపోలేదండీ" అంది. "ఆయనకి అయిదూ పోయేయి. మీవి రెండే. మిగతా మూడూ ఎవరివో, వాళ్ళనే తెమ్మనండి."

అక్క పుస్తెల మాట రాశారు. ఆలోచించాను. మీ పేరు నేను చెప్పను. కానీ నా సంగతి చిన్నబ్బాయిగారికి చెప్పకుండా ఉండలేను. గొట్టం కోసింది నేనని వచ్చే ఆదివారం ముమ్మిడివరం వెళ్ళి చెబుతాను. ఆయన మళ్ళీ అడుగుతారు, సంచి ఎవరు కట్టారని. నేను నోరు విప్పను. అప్పుడు ఆయన కత్తి దించితే దించుతారు. తాడు నాతో తీసుకెళ్తున్నాను. ముడి విప్పలేదు.

త్రిమూర్తులు


విశాఖపట్నం,
6-9-2001.

మూర్తులూ,

నీ ఉత్తరం ఇవాళ చేరింది. ఆదివారం ఒక్కడివే వెళ్ళకు. శనివారం రాత్రి బస్సెక్కుతున్నాను. ఆదివారం పొద్దున్న రావులపాలెం స్టాండులో దిగుతాను. అక్కడ ఉండు. ఇద్దరం కలిసి ముందు ముమ్మిడివరం వెళ్దాం. ఆ అరుగు మీద ముందు నేను మాట్లాడతాను. నువ్వు గొట్టం గురించి తరవాత చెప్పు. ఆయన కత్తి దించితే దించనీ. దించకపోతే అక్కడి నుంచి పలివెల. పానా వీరబాబు ఇంట్లోనే ఉండనీ, ముందే వెళ్ళి తీసుకురాకు.

మీ అక్కకి ఇంకా ఏమీ చెప్పలేదు. నీ ఉత్తరం చదివిన దగ్గర నుంచి ఎడమ చేత్తో అన్నం తింటున్నాను. మెతుకులు ఒడిలో పడుతున్నాయి. అదేం అలవాటని మధ్యాహ్నం నుంచి అడుగుతోంది.

అప్పలస్వామి